గ్లెన్ ఇన్నెస్ నిలువురాళ్ల కోసం ఒక రాత్రి ఆగాలా?

దారిబత్తెం:
సిడ్నీ నుంచి బ్రిస్బేన్‌కు న్యూ ఇంగ్లండ్ హైవే మీదుగా కారవాన్‌లో బయలుదేరుతున్నాం. మే నెల ప్రయాణం. గ్లెన్ ఇన్నెస్‌లో ఒక రాత్రి ఆగుదామని నేను, స్కాట్లండ్ లాంటి కెల్టిక్ దేశాల నుంచి వలస వచ్చినవాళ్ల జ్ఞాపకంగా 1992లో ప్రారంభించిన రాళ్లను చూసేదేముందని మా బావగారు. మీరేమంటారు?

పెట్రోలుఖర్చు:
బావగారి మాటే నా మాట. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో బ్రాడ్గర్ వలయం ఉంది, అది నాలుగు వేల ఏళ్ల కిందటిది. దాన్ని చూసి వీళ్లు వాత పెట్టుకున్నారు. వీధి పేర్లు స్కాట్లండ్ పాత భాష గేలిక్‌లో రాస్తే ఊరు స్కాట్లండ్ అయిపోతుందా? పైగా ఆర్థర్ రాజు కథలోలా రాతిలో దిగిన కత్తి ఒకటి. తిరునాళ్లలో ఫొటోలు తీసేవాడి వెనక తాజ్‌మహల్ తెర ఉంటుంది చూడండి, అదే బాపతు.

రాళ్లబాట:
తెరనైతే సాయంత్రానికి చుట్టి బండిలో వేసుకుంటాడు. ఈ రాళ్లు ఆ చుట్టుపక్కల గ్రానైటే, ఒక్కొక్కటి మనిషికి రెండింతల ఎత్తు. ఇంతకీ మీరు దగ్గరికి వెళ్లి చూశారా? వలయంలో 24 రాళ్లు, రోజుకు 24 గంటల లెక్కన. వాటితోపాటు దక్షిణ శిలువ నక్షత్రాల అమరికలో మరికొన్ని ఉన్నాయి. ఆ చుక్కలు ఆర్క్నీ ఆకాశంలో కనిపించవు. పాత దేశం జ్ఞాపకాన్ని ఈ ఆకాశం కింద సర్దుకున్నారన్నమాట. మనం చేసిందేమిటి? సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరుడి గుడి 1985 నాటిది. దాన్ని తిరుమలకు నకలని ఎవరైనా అంటే ఊరుకుంటామా?

పెట్రోలుఖర్చు:
గుడిలో రోజూ దీపం వెలుగుతుంది. ఈ రాళ్లకు సందడంతా మే మొదటి వారాంతంలో, కెల్టిక్ ఉత్సవానికే.

నీలంరాయి:
ఇద్దరూ ఒక మాట వదిలేశారు. ఆ నేల అక్కడి ఆదివాసులైన న్గరబల్ ప్రజలది. 1830లలో గొర్రెల మందలతో వలసదారులు వచ్చేసరికి అదేమీ ఖాళీగా లేదు. వారసత్వం లెక్క రాళ్ల వయసుతో మొదలుపెట్టేటట్లయితే అక్కడినుంచే మొదలుపెట్టాలి. అయినా ఆగమనే చెబుతాను. పాత ఆసుపత్రి భవనంలో మ్యూజియం ఉంది, దాని పేరు ‘గడ్డాలవాళ్ల సీమ’. తొలిరోజుల్లో దారి చూపిన ఇద్దరు పశువుల కాపరుల గడ్డాల మీదుగా వచ్చిన పేరట! నాకైతే రాళ్లకంటే అదే నచ్చింది.

ఒక హెచ్చరిక: ఊరు వెయ్యి మీటర్లకు పైన ఉంటుంది. మేము ఆగిన రోజు తెల్లవారేసరికి కారవాన్ గొట్టంలో నీళ్లు గడ్డకట్టాయి. కెటిల్ అడుగున మిగిలిన నీళ్లతోనే నలుగురం పళ్లు తోముకున్నాం. ఉత్సవం రోజులైతే బస ముందే చూసుకోండి.

దారిబత్తెం:
అన్నీ బావగారికి చదివి వినిపించాను. హెలెన్స్‌బర్గ్ మాట దగ్గర కాసేపు మౌనం. తరువాత, “సరే, ఒక్క రాత్రే. ఆ కత్తి దగ్గర మాత్రం నాకు ఫొటో తీయకు” అన్నారు. నలుగురికి ఎన్ని రగ్గులు పట్టుకెళ్లాలి?