చిన్న తొట్టెలో ఏ చేపలు వేయాలి? కాలువ పరిగెలా, షాపు గప్పీలా?

లంకగాలి:
మాది పాలకొల్లు. మా పాప పుట్టినరోజుకి గాజు తొట్టె కొన్నాం. పొడవు 18 అంగుళాలు, వెడల్పు 10, ఎత్తు 10. షాపతను నాలుగు గోల్డ్‌ఫిష్ వేసుకోమన్నాడు. మా మావగారేమో కాలువలో పరిగెలు పట్టి ఇస్తాను, డబ్బులెందుకు తగలేస్తావు అంటున్నారు. మునిసిపాలిటీ నీళ్లు పోశాను, ఇంకా ఏమీ వేయలేదు. పాప కళ్లముందు చేపలు చచ్చిపోకూడదు, అంతే నాకు కావలసింది.

గప్పీలఇల్లు:
గోల్డ్‌ఫిష్ మాత్రం వద్దండి. షాపులో రెండంగుళాలే ఉంటుంది కానీ సరిగ్గా పెరిగితే జానెడు దాకా వస్తుంది. తిండీ ఎక్కువే, మలమూ ఎక్కువే. మీది 29 లీటర్ల తొట్టె. అందులో నాలుగు వేస్తే వాటి మలం వల్ల నీళ్లలో అమ్మోనియా అనే విషం పెరిగిపోయి చేపలు పైకి తేలతాయి. ఆరు మగ గప్పీలు వేయండి. మగవే తీసుకోండి. ఆడది షాపులోనే కడుపుతో ఉంటుంది, మగది పక్కన లేకపోయినా నెలల తరబడి పిల్లలు పెడుతూనే ఉంటుంది. అది వద్దనుకుంటే ఒకే ఒక్క ఫైటర్ చేప.

చెరువుగట్టు:
29 లీటర్లు ఎలా అవుతుందండి? అడుగున ఇసుక అంగుళంన్నర, పైన ఖాళీ అంగుళంన్నర. మిగిలింది 7 అంగుళాల నీళ్లు. 20 లీటర్లకి కాస్త అటూ ఇటూ. ఉండి ఊరి దగ్గర మాకు చేపల చెరువులు ఉన్నాయి, నీళ్ల లెక్క తప్పితే మా ఇంట్లో పొయ్యి వెలగదు. కాలువ పరిగెలే వేయండి. ఈ నీళ్లలో పుట్టి ఈ ఎండలో పెరిగిన చేప. మే నెలలో కరెంటు పోయి నీళ్లు వేడెక్కితే డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, మీ షాపు చేప తట్టుకోలేదు.

గప్పీలఇల్లు:
సరే, 20 అనుకుందాం. అప్పుడు మీ పరిగెలకి అసలు చోటే లేదు. అవి మూడు నాలుగు అంగుళాలు పెరుగుతాయి, గుంపు లేకపోతే బెదిరిపోయి మూలన నక్కుతాయి. ఆరు పరిగెలు అందులో ఎక్కడ ఈదుతాయండి? పైగా కాలువ చేపతో పాటు దాని ఒంటికి పట్టే పేను వస్తుంది. చెరువులో పేను పడితే ఎంత టెన్షనో మీకు నేను చెప్పాలా? డీఓ అన్నారు కాబట్టి, ఫైటర్ మన కొరమీను లాగే పైకొచ్చి గాలి మింగే చేప. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ ఆగిపోయినా తట్టుకుంటుంది.

చెరువుగట్టు:
లీటర్ల లెక్క తప్పు చెప్పాను అని ముందు ఒప్పుకోండి. పదో వంతు కాదు, మూడో వంతు తేడా. ఆ లెక్క నమ్మే కదా కొత్తవాళ్లు చేపలు ఎక్కువ వేసి చంపుకునేది.

రేవుమెట్టు:
మా ఇంట్లో ఫైటర్ రెండేళ్లు బతికింది. తొట్టెకి మూత తప్పనిసరి, ఎగిరి కింద పడుతుంది.

గప్పీలఇల్లు:
గాజు కొలతలతో లెక్క చెప్పాను, మీరు నీళ్ల కొలతతో చెప్పారు. ఆరు మగ గప్పీలు 20 లీటర్లలోనూ ఉంటాయి. షాపు చేపలంటే మీకు ఎందుకింత కోపం?

చెరువుగట్టు:
ఎందుకో చెబుతాను. గాజుకి పట్టిన నాచు తింటుందని షాపుల్లో సక్కర్ చేప పిల్లలు అమ్ముతారు. అది అడుగు దాటి పెరుగుతుంది. తొట్టెలో పట్టదు, తినడానికి ఎవరికీ మనసు రాదు. సంచిలో వేసి కాలువలో వదిలేస్తారు. ఆ కాలువ నీళ్లే మా చెరువుకి వస్తాయి. పోయిన పట్టుబడికి వల లాగితే శీలావతుల మధ్య ఇవే. వాటి రెక్కల ముళ్లకి వల చిరిగింది, చెరువు కట్టలో బొరియలూ పెట్టాయి. దెయ్యం చేప అని పేరు పెట్టుకున్నాం. దక్షిణ అమెరికా చేప మా చెరువులోకి దానంతట అది ఈదుకుంటూ వచ్చిందా?

గప్పీలఇల్లు:
నేను సక్కర్ వేయమని ఎక్కడన్నాను? దక్షిణ అమెరికా అంటున్నారు, మన జిల్లాల చెరువుల్లో పెంచే రూప్‌చంద్ ఏ దేశందండి? వరదకి గట్లు తెగితే అది మాత్రం కాలువలోకి పోదా? నాకు ఒక షాపులో పిరానా పిల్లలని అమ్మారు. పెరిగాక చూస్తే రూప్‌చంద్. అయినా కాలువ మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. మాది రాజోలు. చిన్నప్పుడు మా రేవులో గాజు చేపలు ఉండేవి, ఒంట్లో ముల్లు కూడా కనిపించేది. ఇప్పుడు మా పిల్లలకి చూపిద్దామంటే ఒక్కటి దొరకదు. చెరువుల నీళ్లు, మందులు రాత్రిపూట ఎక్కడికి వదులుతున్నారు? మా అమ్మమ్మగారి ఇంటి బావి పక్క చెరువు వచ్చాకే ఉప్పెక్కింది.

చెరువుగట్టు:
నన్ను దొంగని చేయకండి. మాది మంచినీటి చెరువు, ఉప్పునీటి రొయ్యల చెరువు కాదు. బావిలో ఉప్పు నేను పోయలేదు. రూప్‌చంద్ ఒక్క పంటా వేయలేదు, బొచ్చె, శీలావతే. నీళ్లు డ్రెయిన్‌లోకి వదులుతాం, కాలువలోకి కాదు.

గప్పీలఇల్లు:
డ్రెయిన్‌లో చేపలు ఉండవా?

లంకగాలి:
అయ్యా, మీ ఇద్దరి బాధా అర్థమైంది. నీళ్లు పోసి ఐదు రోజులైంది. చేపని ఎప్పుడు తేవాలో ఎవరూ చెప్పలేదు.

చెరువుగట్టు:
కోపంలో మీ ప్రశ్న వదిలేశాను. నా గొడవ గప్పీ మీద కాదు. పాపకి ఆసక్తి పోయిన రోజు ఆ చేప ఎటు పోతుంది? పరిగె అయితే తెచ్చిన రేవులోనే వదలొచ్చు అన్నది నా ఆలోచన.

గప్పీలఇల్లు:
అదీ వదలకూడదండి. తొట్టెలో పట్టిన జబ్బు పరిగెతో పాటే కాలువలోకి పోతుంది. ఏ చేపనైనా కాలువలో వదలకూడదు. ఇది మీరు ఒప్పుకుంటే, షాపు చేపలు వదిలేవాళ్ల మీద మీకున్న కోపం నాకూ ఉంది. చెరువు నీళ్ల సంగతి మాత్రం నేను వెనక్కి తీసుకోను.

చెరువుగట్టు:
జబ్బు మాట నిజమే, దాని గురించి ఆలోచించలేదు. నీళ్ల సంగతి నేనూ వదలను.
లంకగాలి గారూ, కాలువకి నీళ్లు ఆపేసిన రోజుల్లో కుళాయి నీళ్లలో బ్లీచింగ్ వాసన బాగా వస్తుంది. నీళ్లు మార్చేటప్పుడు ఒక రోజు వెడల్పాటి బేసిన్‌లో ఉంచి పోయండి. ఫిల్టర్ ఆపకుండా, చేప లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్. రెండూ చేపకి విషమే. వాటిని తినే బాక్టీరియా ఫిల్టర్‌లో పెరిగి, రెండూ సున్నాకి దిగాకే చేప. నెల, నెలన్నర పట్టొచ్చు. భీమవరం వస్తే సీసాలో నీళ్లు తెండి, ఆక్వా ల్యాబ్‌లో చూసి చెబుతారు.

గప్పీలఇల్లు:
చించినాడ వంతెన దాటి ఇటు వచ్చే పని ఉంటే నా ఫిల్టర్‌లో వాడుతున్న స్పాంజి ముక్క ఇస్తాను. అందులో ఆ బాక్టీరియా ఉంటుంది కాబట్టి, అది మీ ఫిల్టర్‌లో పెడితే ఆ రోజులు బాగా తగ్గుతాయి. స్పాంజి మాత్రం ఆరిపోకూడదు, తొట్టె నీళ్లలోనే తీసుకెళ్లాలి.

లంకగాలి:
ఆదివారం వస్తానండి. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి దిగాక ఒక్క ఫైటరే తెస్తాను, చెక్క మూత చేయించాను. తొట్టె ఖాళీ చేసి చెంబుతో కొలిచి మళ్లీ పోశాను. అడుగున ఇసుక ఉండగా 21 లీటర్ల నీళ్లు పట్టాయి.