బెర్లిన్‌లో ఒంటరిగా తిరగడం ఎలా మొదలుపెట్టాలి?

వెడ్డింగ్_కొత్త అడిగారు:

నమస్తే అండీ. మాస్టర్స్ కోసం బెర్లిన్ వచ్చి ఐదు వారాలైంది. వెడ్డింగ్‌లో రూమ్. రూమ్, యూనివర్సిటీ, సూపర్ మార్కెట్ తప్ప ఊరు తెలియదు. ఎక్కడికి వెళ్ళాలన్నా తెలుగు వాట్సాప్ గ్రూపులో "ఎవరైనా వస్తారా" అని అడగడం, ఎవరూ రాకపోతే ఆగిపోవడం. దారి తప్పితే ఏం చేయాలి, టికెట్ చెకింగ్ వాళ్ళు జర్మన్‌లో అడిగితే ఏం చెప్పాలి అన్నదే భయం. "ధైర్యంగా వెళ్ళు" అని కాకుండా మొదట ఇది, తర్వాత ఇది అని చెప్పగలరా? ఆదివారాలే ఖాళీ. అమ్మాయిని, చీకటి కూడా తొందరగా పడుతోంది. అదీ దృష్టిలో పెట్టుకోండి.

రింగ్‌బాన్ జవాబు:

వెనక్కి వచ్చే దారి ముందే తెలిసి ఉంటే భయం సగం పోతుంది. ఆ లెక్కన మీరు మంచి చోటే ఉన్నారు, ఎందుకంటే ఎస్-బాన్ (నగరంలో తిరిగే లోకల్ రైలు) రింగ్ మీ వెడ్డింగ్ స్టేషన్ మీదుగానే వెళ్తుంది. నగరం నడిబొడ్డు చుట్టూ సుమారు 37 కిలోమీటర్ల వలయం, 27 స్టేషన్లు, ఒక చుట్టుకి గంట. ఎస్41 గడియారం ముల్లు తిరిగే వైపు, ఎస్42 దానికి ఎదురు. ఏ వైపు ఎక్కినా గంటలో మళ్ళీ వెడ్డింగే. దారి తప్పడం నేర్చుకోవడానికి ఇంత తేలికైన చోటు ఇంకొకటి ఉండదు.

మొదటి ఆదివారం ఉదయం పదింటికి బయల్దేరండి. ముందు దిగకుండా ఒక చుట్టు పూర్తిగా కూర్చోండి. ఫోన్ బ్యాగులో పెట్టేసి స్టేషన్ పేర్లు చదవండి, ప్రకటనలు వినండి. "అవుస్‌ష్టీగ్ లింక్స్" అంటే ఎడమవైపు దిగాలి, "రెష్ట్స్" అంటే కుడివైపు. రెండో చుట్టులో రెండు చోట్ల దిగి అరగంటేసి నడవండి. ట్రెప్టవర్ పార్క్ స్టేషన్ పక్కనే ష్ప్రే నది ఉంటుంది, ఒడ్డు వెంబడి పోయి అదే ఒడ్డున తిరిగి రావచ్చు. రెండోది టెంపెల్‌హోఫ్. 2008లో మూసేసిన విమానాశ్రయాన్ని 2010లో పార్కుగా తెరిచారు. రన్‌వే మీద నడవచ్చు, అంతా బయలు కాబట్టి వచ్చిన గేటు వైపు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. గేట్లు పొద్దుగుంకే వేళకి మూస్తారు, సమయం గేటు దగ్గరే రాసి ఉంటుంది.

ఇందులో తప్పులు జరిగేది మూడు చోట్ల. ఒకటి, రింగ్ ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన ప్రతి రైలూ రింగ్ చుట్టూ తిరగదు. దక్షిణం వైపు ఎస్46 కొంతదూరం రింగ్ మీదే వచ్చి, నాయ్‌కోల్న్ దాటాక పక్కకు తిరిగి కోనిగ్స్ వుస్టర్‌హౌజన్ దాకా పోతుంది. రైలు ముందు భాగం మీద ఎస్41 లేదా ఎస్42 అని చూసుకునే ఎక్కండి. పొరపాటున ఇంకోటి ఎక్కితే కంగారు పడకండి. తర్వాతి స్టేషన్‌లో దిగి ఎదురు వైపు రైలు ఎక్కితే వచ్చిన చోటికే వస్తారు. రెండు, తలుపు చాలాసార్లు దానంతట అది తెరుచుకోదు, బటన్ నొక్కాలి. నిలబడి చూస్తుంటే రైలు వెళ్ళిపోతుంది. మూడు, వారాంతాల్లో ట్రాక్ పనులు. బోర్డు మీద "ఎర్జాట్స్‌ఫెర్‌కేర్" అని కనిపిస్తే ఆ ముక్క వరకు రైలుకి బదులు బస్సు నడుస్తుందని అర్థం. శనివారం రాత్రే యాప్‌లో చూసుకుంటే ఆదివారం పొద్దున గాభరా ఉండదు.

రెండో ఆదివారం 100 నంబరు బస్సు. జూ స్టేషన్ నుంచి విజయ స్తంభం, రైష్‌టాగ్ (పార్లమెంటు భవనం), ఉంటర్ డెన్ లిండెన్ వీధి మీదుగా అలెగ్జాండర్‌ప్లాట్స్ చేరుతుంది. డబుల్ డెకర్ వస్తే పైన ముందు సీటులో కూర్చోండి. తిరుగు ప్రయాణం నడక: అలెగ్జాండర్‌ప్లాట్స్ నుంచి బ్రాండెన్‌బుర్గ్ గేటు దాకా రెండు కిలోమీటర్ల పైచిలుకు, దాదాపు తిన్నని దారి. వెనక 368 మీటర్ల టీవీ టవర్ ఉంటుంది, ఊరి మధ్యలో చాలా చోట్ల నుంచి కనిపిస్తుంది. మన ఊళ్ళో గుడి గోపురాన్ని బట్టి దారి పోల్చుకున్నట్టు దాన్ని వాడుకోండి.

మూడో ఆదివారం మ్యాప్ తెరవకుండా ఒక చిరునామా వెతకండి. ఇక్కడే చాలామంది తికమకపడతారు. బెర్లిన్‌లో చాలా పాత వీధుల్లో ఇంటి నంబర్లు గుర్రపు నాడాలా తిరుగుతాయి. ఒక వైపు 1, 2, 3 అంటూ చివరిదాకా పోయి, అక్కడి నుంచి రెండో వైపు వెనక్కి వస్తాయి. అంటే 10కి ఎదురుగా 150 ఉండొచ్చు. సరి, బేసి లెక్క పెట్టుకుని నడిస్తే కిలోమీటరు దండగ. మూల మీద వీధి పేరు బోర్డుకి ఆ ముక్కలో ఏ నంబర్లు ఉన్నాయో రాసి ఉంటుంది, అది చదవండి. ఇంకొకటి, 1920లో చుట్టుపక్కల చాలా పట్టణాల్ని బెర్లిన్‌లో కలిపేశారు కాబట్టి ఒకే పేరుతో రెండు మూడు వీధులు ఉంటాయి. అయిదు అంకెల పిన్‌కోడ్ చూడకుండా బయల్దేరొద్దు. తలుపు దగ్గర ఫ్లాట్ నంబర్ ఉండదు, బెల్ మీద ఇంటిపేరు ఉంటుంది. ఎవరింటికైనా వెళ్తే బెల్ మీద ఏ పేరుందో ముందే అడగండి.

టికెట్_ముందు జవాబు:

పై ప్లాన్ బాగుంది, టికెట్ సంగతి నేను కలుపుతాను. స్టేషన్లలో గేట్లు ఉండవు, అందుకే కొత్తవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. తనిఖీ చేసేవాళ్ళు చాలాసార్లు మామూలు బట్టల్లో ఉంటారు, తలుపులు మూసుకున్నాక "ఫార్‌షైనె బిట్టె" (టికెట్లు చూపించండి) అంటారు. మీరు చెప్పాల్సింది ఏమీ లేదు, టికెట్ చూపిస్తే చాలు. లేకపోతే జరిమానా 60 యూరోలు. తెలియదంటే వదిలేయరు.

మీ ఫీజులో సెమెస్టర్ టికెట్ (ఆ సెమెస్టర్ అంతా బస్సు, రైలు ఎక్కే పాస్) కలిసి ఉందో లేదో ముందు తేల్చుకోండి. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఉంటుంది, ప్రైవేటు వాటిలో లేకపోవచ్చు. లేకపోతే డాయిష్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సుల్లో చెల్లే నెల పాస్), 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు. అది చందా, మీరు ఆపేదాకా నెలనెలా డబ్బు కోస్తారు. ఆ నెలాఖరుకి ఆపాలంటే 10వ తేదీ లోపే రద్దు చేయాలి. ఈ టికెట్లు మీ పేరు మీద ఉంటాయి, కాబట్టి ఫోటో ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉండాలి.

విడిగా సింగిల్ టికెట్ కొంటే అది రెండు గంటలు, ఒకే వైపు ప్రయాణానికే. వెనక్కి రావడానికి గానీ, రింగ్ చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే రావడానికి గానీ చెల్లదు. పై ప్లాన్‌కి సింగిల్ టికెట్ వాడొద్దని చెప్పేది అందుకే. ప్లాట్‌ఫారం మెషీన్‌లో కొన్న కాగితం టికెట్‌ని ఎక్కేముందు పక్కనే ఉన్న చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే లెక్క. యాప్‌లో కొంటే రైలు ఎక్కకముందే కొనాలి. చెకర్‌ని చూసి కొంటే కొన్న సమయం టికెట్ మీదే కనిపిస్తుంది.

చలికాలపు_అక్క జవాబు:

చెల్లీ, చీకటి గురించి అడిగావు కాబట్టి చెప్తున్నా. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి పోతాయి. ఆ రోజు నుంచి పొద్దు అయిదు లోపే వాలుతుంది, డిసెంబరులో నాలుగు కాకముందే. అందుకని చలికాలంలో తిరుగుడు పది నుంచి మూడు వరకు పెట్టుకో. చీకట్లో తిరగడం కూడా నేర్చుకోవాలి, కానీ అది వెలుగులో రెండుసార్లు నడిచిన దారి మీదే మొదలుపెట్టు. కొత్త దారి, చీకటి రెండూ ఒకే రోజు వద్దు.

చలికి ఫోన్ బ్యాటరీ 30 శాతం చూపిస్తూనే ఆగిపోవచ్చు. కోటు లోపలి జేబులో పెట్టుకో, పవర్ బ్యాంక్ కూడా వెచ్చగానే ఉంచు. ఒక కాగితం మీద ఇంటి చిరునామా, దగ్గరి స్టేషన్, రూమ్‌మేట్ నంబరు రాసి పర్సులో పెట్టు. 20 యూరోల నోటు, నాలుగైదు 50 సెంట్ల నాణేలు కూడా. కొన్ని టాయిలెట్లకి చిల్లర అడుగుతారు, కొన్ని చిన్న దుకాణాల్లో కార్డు తీసుకోరు. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసే ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లలోవి కొన్ని తెరుస్తారు. పులిహోరో, రొట్టెలో, నీళ్ళ సీసాతో పాటు పట్టుకెళ్ళడం మంచిది.

శుక్ర, శనివారాల్లో యు-బాన్ (భూగర్భ రైలు) రాత్రంతా నడుస్తుంది. మిగతా రాత్రుల్లో దాని బదులు "ఎన్" అక్షరంతో మొదలయ్యే బస్సులు. రైల్లో ఖాళీ పెట్టె ఎక్కకు, జనం ఉన్నది చూసి ఎక్కు. ప్లాట్‌ఫారం మీద "నోట్‌రూఫ్" అని రాసిన స్తంభాలు సాయం పిలవడానికే. పోలీసు 110, అంబులెన్స్, ఫైర్ 112. అలెగ్జాండర్‌ప్లాట్స్‌లో, యు8 రైల్లో జేబుదొంగల గురించి జాగ్రత్త. సంతకం పెట్టమని అట్ట పట్టుకొచ్చేవాళ్ళనీ, రోడ్డు మీద గిన్నెల కింద బంతి ఆట ఆడించేవాళ్ళనీ చూసి ఆగకు.

వెడ్డింగ్_కొత్త అడిగారు:

చాలా థాంక్స్ అండీ. ఇంకో రెండు సందేహాలు. ఎవరినైనా దారి అడగాలంటే జర్మన్ రాదు, ఇంగ్లీషులో మొదలుపెడితే కొంతమంది ముఖం అదోలా పెడుతున్నారు. రెండోది, ఒంటరిగా వెళ్తున్నానని తెలిస్తే ఇంట్లో అమ్మ గంటకోసారి ఫోన్.

నాలుగు_మాటలు జవాబు:

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంటారు కదా, బెర్లిన్‌లో ఆ మంచితనం "హలో"తో మొదలవుతుంది. పలకరింపు లేకుండా నేరుగా ఇంగ్లీషులో ప్రశ్న అడగడమే చాలామందికి నచ్చదు. ముందు "హలో, ఎంట్‌షుల్డిగుంగ్" (క్షమించండి), తర్వాత "ష్ప్రెషెన్ జీ ఎంగ్లిష్?" (ఇంగ్లీషు వచ్చా?) అనండి. అప్పుడు చాలామంది వాళ్ళంతట వాళ్ళే ఇంగ్లీషులోకి వస్తారు. వచ్చిన సమాధానాన్ని మీరు తిరిగి చెప్పండి, "ఎడమకి, తర్వాత రెండో వీధి, అవునా?" అని. తప్పు విన్నది అక్కడే దొరికిపోతుంది.

రోజూ ఒక చిన్న పని జర్మన్‌లో పూర్తిచేయండి. బేకరీ దానికి సరైన చోటు, మాటలు ఎప్పుడూ అవే. "త్స్వై బ్రోట్‌షెన్, బిట్టె" అంటే రెండు బన్నులు. ఆమె "జోన్స్ట్ నోహ్ ఎట్వాస్?" అంటుంది, ఇంకేమైనా కావాలా అని. "నైన్, డంకె, మిట్ కార్టె" (వద్దు, థాంక్స్, కార్డుతో ఇస్తా) అంటే పనైపోయింది. ఉదయం రద్దీలో వెనక పదిమంది నిలబడితే నోరు పెగలదు, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి.

అమ్మగారి విషయం. మనకీ ఇండియాకీ ఎండాకాలంలో మూడున్నర గంటల తేడా, గడియారం మారాక నాలుగున్నర. బయల్దేరేముందు "పదింటికి వెళ్తున్నా, మూడింటికి వస్తా, మీకు రాత్రి ఏడున్నరకి ఫోన్ చేస్తా" అని చలికాలపు లెక్క చెప్పండి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకి పెట్టండి. కాకపోతే బ్యాటరీ తింటుంది, సొరంగంలో సిగ్నల్ పోయి చుక్క ఒకేచోట ఆగిపోవచ్చు. చుక్క కదలకపోతే మీరు రైల్లో ఉన్నట్టు అని ముందే చెప్పి ఉంచండి.