"పునరుద్ధరణ" కాకపోతే మరేమనాలి?

పర్లాకిమిడి నుంచి:
సభ్యులందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక మాట దగ్గర కలం ఆగిపోయింది. కెనడాలో ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న డార్లింగ్టన్ అణు విద్యుత్ కేంద్రానికి జరిగిన పర్యావరణ మదింపు (తలపెట్టిన పని వల్ల పరిసరాలకు హాని ఉంటుందా అని ముందే పరిశీలించడం) గురించి పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. అక్కడి నాలుగు రియాక్టర్లూ 1990ల మొదట్లో వాడుకలోకి వచ్చాయి. ఒక్కొక్కదాన్నే ఆపి, అరిగిన లోపలి భాగాలు మార్చి, ఇంకో ముప్పై ఏళ్లు నడపాలనే పని 2016 అక్టోబరులో మొదలైంది. ఈ పనికి తెలుగులో పేరేమిటి?

పత్రికల వాడుక ప్రకారం "పునరుద్ధరణ" అని రాసి మా మనవరాలికి చూపించాను. "అక్కడ తుపాను వచ్చిందా తాతయ్యా?" అంది. తప్పు పిల్లది కాదు. 2018లో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు ఇంటిల్లిపాదీ ఎదురుచూసింది విద్యుత్ పునరుద్ధరణ కోసమే. పోయిన కరెంటు తిరిగి రావడం, మా చెవికి ఆ మాటకు అర్థం అదే.

బరంపురం నుంచి:
మాస్టారూ, "ఆధునికీకరణ" అంటే సరిపోదా? 2006 నాటి మన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో విస్తరణ, ఆధునికీకరణ పక్కపక్కనే ఉంటాయి.

పర్లాకిమిడి నుంచి:
సరిపోదండీ. ఆధునికీకరణ అనగానే కొత్త రకం యంత్రం వచ్చిందనిపిస్తుంది. ఇక్కడ గొట్టం తీసి మళ్లీ గొట్టమే పెడుతున్నారు. ఒక్కో రియాక్టర్‌లో ఇంధనం ఉండే గొట్టాలు 480. ఏళ్ల తరబడి వేడికీ ఒత్తిడికీ న్యూట్రాన్ల తాకిడికీ అవి సాగుతాయి, నడుము వంగుతాయి, హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసెక్కుతాయి. అందుకని ముందు ఇంధనం తీసేసి, భారజలం (ఈ రకం రియాక్టర్లలో వాడే, మామూలు నీటి కన్నా బరువైన నీరు) తోడేసి, గొట్టాలను ఒక్కొక్కటే బయటికి లాగుతారు. వాటిని మోసే పెద్ద తొట్టె, కలాండ్రియా, ఉన్నచోటే ఉంటుంది. మన రాజస్థాన్ అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో, తమిళనాడు కల్పాక్కంలో కూడా ఇలాగే గొట్టాలన్నీ మార్చారు. అక్కడ ఒక్కోదానికి 306.

నాకు "జీర్ణోద్ధరణ" నచ్చుతోంది. దేవుణ్ణి బాలాలయంలో ఉంచి గుడి బాగుచేస్తాం కదా, ఇంధనం బయట పెట్టి లోపల బాగుచేయడమూ అలాంటిదే. ఇక్కడి ఒడియా వాళ్లకూ ఆ మాట తెలుసు.

గోపాల్‌పూర్ నుంచి:
మాస్టారూ, గుడి మాట వద్దండి. గుడికి చేసే పనిని ఎవరూ నిలదీయరు. మదింపు అంటేనే నిలదీయడం. పైగా గుడిలో తీసిన రాయి ఏ మూల పడి ఉన్నా ఎవరికీ హాని లేదు.

మా పేటలో పెద్దలు కుట్టు పడవల మీద వేటకు వెళ్లేవారు. మేకులుండవు, పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. తాడు చివికితే కుట్లన్నీ విప్పి, పలకలు ఆరబెట్టి, మళ్లీ కుట్టేవారు. మా తాత దాన్ని బాగుచేయడం అనేవాడు కాదు, "విప్పి కుట్టడం" అనేవాడు. పీకేసిన తాడు ఇసుకలో నల్లగా, ఉప్పు వాసన కొడుతూ మోకాలెత్తు కుప్ప పడేది. మీరు పెట్టే పేరులో ఆ కుప్ప కనబడాలి.

ఇంకో సంగతి. సరస్సు నీళ్లు వాడుకుని వేడిగా వదులుతారు కదా, చేపల గురించి ఏమన్నారు?

పర్లాకిమిడి నుంచి:
చేపల గురించి చాలా వాదనే జరిగింది బాబూ. లోపలికి లాగే నీటితో పాటు చేపలూ వచ్చి పడతాయి. రౌండ్ వైట్‌ఫిష్ అనే చేప గుడ్లు చలికాలమంతా నీటి అడుగున ఉంటాయి, వేడి నీరు వాటికి చేటు చేస్తుందేమోనన్న ప్రశ్న వచ్చింది. తగిన జాగ్రత్తలు తీసుకుంటే గణనీయమైన హాని ఉండదని 2013 మార్చిలో కెనడా అణు భద్రతా కమిషన్ తేల్చింది. ("గణనీయమైన" అంటే ఎంత, ఎవరి గణన? దాని మీద విడిగా చర్చ పెడతాను.) తీసిన గొట్టాలు రేడియోధార్మికమైనవి. వాటిని కేంద్రం ఆవరణలోనే ప్రత్యేక గిడ్డంగిలో దాచాలి. మీ తాతగారి కుప్ప అదే. నా పేరులో అది లేదు, ఒప్పుకుంటున్నాను.

"రియాక్టర్‌ను విప్పి కట్టడం" అంటే?

రాయగడ నుంచి:
మొత్తం కూల్చి కట్టారనుకోరా మాస్టారూ? మన పక్కనే కొవ్వాడలో కొత్త కేంద్రం ప్రతిపాదన ఉంది. కొత్తది కట్టడానికీ దీనికీ తేడా తెలియాలి కదా.

గోపాల్‌పూర్ నుంచి:
నులక మంచం విప్పి అల్లితే మంచం కూల్చినట్టా అన్నా? కోళ్లూ పట్టెలూ అవే ఉంటాయి. నులకే కొత్తది.

పర్లాకిమిడి నుంచి:
కోళ్లూ పట్టెలూ కలాండ్రియా, నులక గొట్టాలు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. శీర్షిక "విప్పి అల్లిన రియాక్టర్" అని మార్చి మనవరాలికి చదివి వినిపించాను. "మరి పాత నులక ఎక్కడ పెట్టారు?" అని అడిగింది. వ్యాసాన్ని గిడ్డంగి దగ్గర నుంచి మొదలుపెట్టి మళ్లీ రాస్తున్నాను.