పాప జ్వరం మందు: సిరప్ బదులు డ్రాప్స్ ఇచ్చారు, అదే కొలత వేయొచ్చా?

ప్రశ్న: పాపకు ఏడాదిన్నర, బరువు 10 కిలోలు. ఇదివరకు డాక్టరు గారు పారాసిటమాల్ 250 సిరప్ 3 ఎం.ఎల్. రాశారు. ఈసారి మందుల షాపులో అది లేక డ్రాప్స్ ఇచ్చారు. వీటినీ 3 ఎం.ఎల్. వేయాలా? జలుబు సిరప్ కూడా పట్టొచ్చా?

జవాబు: వద్దండీ, రెట్టింపైపోతుంది. 250 సిరప్ అంటే 5 ఎం.ఎల్.లో 250 మి.గ్రా., కాబట్టి 3 ఎం.ఎల్.లో 150. డ్రాప్స్‌లో సాధారణంగా ఒక్క ఎం.ఎల్.లోనే 100 ఉంటుంది, 3 పోస్తే 300. కిలోకు 10–15 మి.గ్రా. లెక్కన పాపకు 1 నుంచి 1.5 ఎం.ఎల్. చాలు. 4–6 గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లు మించొద్దు. సీసా మీద 'ప్రతి ఎం.ఎల్.' అని ఉందో 'ప్రతి 5 ఎం.ఎల్.' అని ఉందో ముందు చూడండి.

జవాబు: జలుబు సిరప్ వద్దు. చాలావాటిలో పారాసిటమాల్ మళ్లీ ఉంటుంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపినవి నాలుగేళ్లలోపు వాడొద్దని లేబుల్‌పై వేయాలని 2023లో కేంద్రం ఆదేశించింది కూడా. ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి.

జవాబు: షాపులో వయసు చెప్పి ఊరుకోకండి, బరువు చెప్పండి, ఇంట్లో ఉన్న సీసాలు చూపించండి. కొలత సిరంజి అడిగి తీసుకోండి, వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. కౌంటర్‌లో కుర్రాడు కాకుండా ఫార్మసిస్టే చెప్పాలని పట్టుబట్టండి.