బానీ రెయిట్ ప్రస్థానం: పాటలు ఇతరులవైతే ముద్ర ఎవరిది?

ప్రశ్న:
బానీ రెయిట్ ఆల్బమ్‌లను కొంతకాలంగా విడుదలైన వరుసలోనే వింటున్నాను. 1971లో తొలి ఆల్బమ్ వెలువరించిన ఈ అమెరికన్ గాయనికి 1989 నాటి పదో ఆల్బమ్ ‘నిక్ ఆఫ్ టైమ్’ దాకా చెప్పుకోదగ్గ వాణిజ్య విజయం దక్కలేదు. ఆ పద్దెనిమిదేళ్ల తరువాత హఠాత్తుగా మారిందేమిటి? ఇంకొక సందేహం కొంచెం ఇబ్బందికరమైనదే. ఆ ఆల్బమ్‌లోని పదకొండు పాటల్లో ఆమె స్వయంగా రాసినవి రెండే. అలాంటప్పుడు ఆమెను గీతకర్త అనడం సబబేనా?

మొదటి జవాబు:
హఠాత్తుగా ఏమీ మారలేదనే నా అభిప్రాయం. ఆమె తండ్రి జాన్ రెయిట్ న్యూయార్క్ రంగస్థలమైన బ్రాడ్‌వే సంగీత నాటకాల్లో పేరున్న గాయకుడు. ఆమె మాత్రం ర్యాడ్‌క్లిఫ్ కళాశాల చదువును మధ్యలోనే వదిలేసి, మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డోవెల్, సిపీ వాలెస్ వంటి పాతతరం బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల జానపద మూలాలున్న సంగీతం) కళాకారుల సాహచర్యంలో పాట నేర్చుకున్నారు. అక్కడ పడిన పునాది ఎన్నడూ కదలలేదు. కదిపే ప్రయత్నాలు మాత్రం జరిగాయి. 1974 నాటి ‘స్ట్రీట్‌లైట్స్’ వినండి: వయొలిన్ల వెల్లువలో ఆమె గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాలి. 1983లో ఆమె ఆల్బమ్‌లు విడుదల చేస్తున్న వార్నర్ సంస్థ ఆమెను వదులుకుంది. మద్యం మానేసి, క్యాపిటల్ సంస్థకు మారి, నిర్మాత డాన్ వాజ్‌తో కలిసి ‘నిక్ ఆఫ్ టైమ్’ చేసినప్పుడు వాద్యాల రద్దీ తగ్గింది, గొంతు ముందుకు వచ్చింది. 1990లో ఆ ఆల్బమ్‌కు మూడు గ్రామీలు, బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్‌తో పాడిన యుగళగీతానికి మరొకటి ఒకే రాత్రి వచ్చాయి. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు.

రెండో జవాబు:
గిటార్ సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆమె ముద్ర మొదట పడేది అక్కడే. స్లయిడ్ గిటార్ వాయించేవారిలో చాలామంది గాజు గొట్టాన్ని చిటికెన వేలికో ఉంగరపు వేలికో తొడుక్కుంటారు. ఆమె మధ్యవేలికి తొడుగుతారు. ఎవరూ చెప్పకముందే సొంతంగా నేర్చుకున్న అలవాటది. తీగను మెట్టుకు నొక్కకుండా గాజును దానిపై ఆనించి జరుపుతారు కాబట్టి, స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న దారంతా వినిపిస్తుంది; మన చెవికి అది గమకంలాగే తోస్తుంది. స్లయిడ్ కోసం ఆమె ఓపెన్ ఎ శ్రుతి (తీగలన్నీ ఏ మెట్టూ నొక్కకుండా కలిపి మీటితే ఒకే స్వరమేళం పలికే అమరిక) వాడతారు, అంటే మామూలు శ్రుతిలోని డి, జి, బి అనే తీగలను ఒక్కో స్వరం పైకి బిగిస్తారు. (ప్రయత్నించేవారికి చిన్న హెచ్చరిక: తీగలు తెగే ప్రమాదం ఉంది.) గొంతు ఆగినచోట స్లయిడ్ అందుకుంటుంది, అది ఆగినచోట గొంతు మళ్లీ మొదలవుతుంది. అందువల్లనే ఎవరు రాసిన పాప్ పాటైనా ఆమె చేతిలో బ్లూస్ వాసన వేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
వాయిద్యం గురించి ఒప్పుకుంటాను, కానీ అది గీతరచన కాదు కదా.

మూడో జవాబు:
మీ అభ్యంతరం న్యాయమైనదే. 1991లో ఆమె పాడిన ‘ఐ కాంట్ మేక్ యూ లవ్ మీ’ మైక్ రీడ్, అలెన్ షాంబ్లిన్ రాసినది. ఆమె ఎక్కువగా రాయరన్నదీ నిజమే. అయితే రాసిన కొద్ది పాటలనూ తేలిగ్గా తీసుకోలేము. ‘నిక్ ఆఫ్ టైమ్’ పాటలో బిడ్డ కోసం తపించే స్నేహితురాలు, వయసు మళ్లుతున్న తల్లిదండ్రులు కనిపిస్తారు; అప్పటి పాప్ పాటల్లో అరుదుగా దొరికే నడివయసు భయం అది. ఇక ఆమె ఒక్కరే రాసిన ‘జస్ట్ లైక్ దట్’లో, కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఇంటి తలుపును, ఆ కొడుకు గుండెను మార్పిడిలో పొందిన మనిషి వచ్చి తడతాడు, ఆ తల్లి అతని ఛాతీపై తల ఆనించి ఆ చప్పుడు వింటుంది. పాట నడక గిటార్ తీగలను వేళ్లతో మీటడం మీదే సాగుతుంది. 2023లో ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ ఈ పాటకే వచ్చింది, అది ఇచ్చేది గాయకులకు కాదు, పాట రాసినవారికి.