గోస్తనీ లోయ మట్టి బాటల రూటు ఫైలు అందరికీ పెట్టాలా, వద్దా?

కొండకోన (చర్చ మొదలుపెట్టినవారు)

భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోటు నుంచి నది వెంటే ఎగువకు వెళ్తూ, పద్మనాభం, తాటిపూడి జలాశయం మీదుగా అనంతగిరి కొండల్లోకి, వీలైనంత వరకు తారు తగలకుండా సైకిలు మీద వెళ్లే రూటు ఒకటి మా మిత్రబృందం తయారుచేసింది. కింది భాగమంతా చెరువు గట్లు, కాలువ గట్లు, జీడి, మామిడి తోటల మధ్య ఎర్రమట్టి బండిబాటలు. ఎక్కినట్టే ఎక్కి వెంటనే దిగుతుంటాయి. 1794లో పద్మనాభ యుద్ధం జరిగిన కొండ పక్క నుంచే దారి. తాటిపూడి దాటాక మాత్రం అంతా మారిపోతుంది. లోయ ఇరుకవుతుంది, గెడ్డలు (కొండవాగులు) దాటాలి, రాళ్లు తేలిన చోట 40 మిల్లీమీటర్ల టైరు కూడా చాలదు, దిగి నడిపించాల్సిందే. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకిన కాఫీ తోటలు కనిపించేసరికి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరి ఉంటాం.

ఈ జీపీఎక్స్ ఫైలు (ఫోనులో, జీపీఎస్‌లో దారి చూపే రూటు ఫైలు) పెట్టమని చాలామంది అడుగుతున్నారు. నాకు ఇష్టం లేదు. కారణం వంజంగి. పాడేరు దగ్గర ఆ కొండ మీది మబ్బుల వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలయ్యాక తెల్లవారకముందే కార్లు బారులు తీరాయి, శిఖరం మీద ప్లాస్టిక్ సీసాలు పేరుకున్నాయి. అక్కడైతే గేటు పెట్టవచ్చు, టికెట్టు పెట్టవచ్చు. గూడేల మధ్య నుంచి పోయే మట్టి బాటకు గేటు ఎక్కడ పెడతాం? మీరేమంటారు?

చక్రధారి

పెట్టాలి. ఎందుకు పెట్టాలో చెబుతాను.

కొండల్లో ఫోను పనిచేయని చోట్లు చాలా ఉన్నాయి. ఫైలు ఉంటే ఏ గెడ్డ దగ్గర ఎడమకు తిరగాలో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, చివరి కిరాణా కొట్టు ఏ ఊళ్లో ఉందో ముందే తెలుస్తుంది. లేకపోతే దారి తప్పి, చీకటి పడ్డాక ఎవరి గుమ్మమో తట్టాలి. ఒంటరిగా లేదా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లే ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. దాచిన రూటు ఎవరికి దక్కుతుంది? మీ వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లకు. శ్రీకాకుళంలో మామూలు సైకిలు తొక్కే కుర్రవాడికి మీ నంబరు ఎలా తెలుస్తుంది?

పైగా, దాచామనుకుంటే దాగదు. స్ట్రావా హీట్‌మ్యాప్ (రైడ్లు, పరుగులు నమోదుచేసే ఆప్ అందరి గీతలనూ కలిపి చూపే పటం) సంగతి 2018లో లోకమంతా చూసింది. సైనికులు పరుగు తీసిన గీతలు కలిసి ఎడారిలోని సైనిక స్థావరాల ఆకారాలే బయటపడ్డాయి. మీ బృందంలో ఒక్కరు తమ రైడును అందరికీ కనిపించేలా పెట్టినా ఆ గీత అందులో కలిసే అవకాశం ఉంది. ఎలాగూ బయటికి వచ్చేదాన్ని జాగ్రత్తలతో కలిపి మనమే ఇవ్వడం మంచిది.

మిస్సోరీ తెలుగు

నేను ఉండే అమెరికా రాష్ట్రం మిస్సోరీలో కేటీ ట్రైల్ ఉంది. మిస్సోరీ–కాన్సాస్–టెక్సాస్ రైల్వే 1986లో ఆ మార్గంలో రైళ్లు ఆపేసింది. పట్టాలు తీసేసి, సున్నపురాయి పొడి పరిచి సైకిలు బాటగా మార్చారు. 1990లో మొదటి భాగం తెరిచారు. ఇప్పుడు దాదాపు 385 కిలోమీటర్లు. అందులో చాలా భాగం మిస్సోరీ నది ఒడ్డునే సాగుతుంది, ఒక పక్క సున్నపురాయి చరియలు, మరో పక్క మొక్కజొన్న పొలాలు. రైలు పోయింది కనుక నేల మాకు తిరిగి రావాలని పక్క రైతులు మొదట్లో గట్టిగా వ్యతిరేకించారు, కోర్టులకు వెళ్లారు. ఇప్పుడు దారి పొడవునా చిన్న ఊళ్లలో బస ఇళ్లు, హోటళ్లు సైకిలు వాళ్ల రాకపోకలతో నడుస్తున్నాయి.

అయితే చక్రధారి గారు దీన్ని తన వాదనకు బలంగా తీసుకోవద్దని మనవి. కేటీ ట్రైల్ రాష్ట్ర ప్రభుత్వ పార్కు. నీటి కుళాయి, మరుగుదొడ్డి, చెత్తకుండీ చూసే సిబ్బంది ఉన్నారు. 1993 వరదల్లో బాట కొట్టుకుపోతే బాగుచేయించే బాధ్యత ఒకరికి ఉంది. గోస్తనీ ఎగువన బాట పాడైతే ఎవరు బాగుచేస్తారు? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే రూటు పెట్టడం గురించి మాట్లాడాలి.

ఏజెన్సీ బడిపంతులు

నేను అనంతగిరి మండలంలో పనిచేస్తున్నాను. పై పోస్టులన్నీ చదివాను. ఆ బాట మీద బతికేవాళ్లను అడగాలన్న మాట ఒక్కరూ అనలేదు. అందుకే రాస్తున్నాను.

మీ పటంలో సన్నటి చుక్కల గీతగా కనిపించే దారి చాలాచోట్ల ఒక ఇంటి కళ్లం. చోళ్ల (రాగుల) కోతలయ్యాక వెన్నులు అక్కడే పరుస్తారు. ఆడవాళ్లు కర్రలతో కొట్టి, చేటతో చెరిగి, గింజను ఒక పక్కకు తోస్తారు. మొన్నటి శీతాకాలంలో ఒక బృందం సైకిళ్లతో వచ్చింది. పటంలో దారి నేరుగా ఉందని కళ్లం మీదుగానే తొక్కుకుంటూ పోయారు. ఆ ఇంటి ముసలమ్మ ఏమీ అనలేదు. చక్రాల జాడలో మట్టిలోకి దిగిపోయిన గింజలను గోటితో గిల్లి ఏరుకుంటూ కూర్చుంది. వాళ్లు వెనక్కి తిరిగి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు.

ఇంకో సంగతి. మట్టి దారి అందంగా ఉందని మీరు రాస్తారు. వానాకాలంలో అదే దారి మీద నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తారు. అంబులెన్సు వచ్చే చోటు దాకా నలుగురు మనుషులు మార్చిమార్చి మోస్తారు. అక్కడ తారు రోడ్డు పడితే మీకు ఒక మంచి రూటు పోతుంది, మాకు ప్రాణాలు మిగులుతాయి. కొన్ని సైకిలు గ్రూపుల్లో 'తారు వేసి పాడుచేశారు' అని రాయడం చూశాను. ఆ మాట రాసే ముందు దయచేసి ఒక్కసారి ఆ డోలీ వెంట నడవండి.

బయటివాళ్లు వచ్చి మా నేల మీద గీతలు గీయడం మాకు కొత్త కాదు. బొర్రా చుట్టుపక్కల గూడేల్లో గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుట్టింది ఈ మండలంలోనే. 1996 పెసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకు గుర్తింపు ఇచ్చింది. సైకిలు తొక్కడం గనులు తవ్వడం కాదు, నిజమే. కానీ మా ఇంటి ముందు నుంచి వందలమందిని పంపే పటం వేసేటప్పుడు మా ఊరిని ఒక మాట అడగాలా, అక్కర్లేదా? పెట్టాలా, దాచాలా అని మీలో మీరే వాదించుకుంటున్నారు.

చక్రధారి

పంతులు గారూ, కళ్లం విషయంలో రెండో మాట లేదు. అక్కడ దిగి, చుట్టు తిరిగి వెళ్లాలి. తారు రోడ్డు మీద కూడా మీదే సరైన మాట.

కానీ గ్రామసభ మాట నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. ఊరి మధ్య నుంచి పోయే దారి నలుగురూ నడిచేది. మోటారు సైకిలు మీద వచ్చేవాళ్లు ఎవరినీ అడగడం లేదు. కటికి జలపాతం దాకా రాళ్ల దారిలో జీపులు మనుషులను ఎక్కించుకుని తిరుగుతూనే ఉన్నాయి. చప్పుడు లేకుండా, పొగ లేకుండా, చోడి అంబలి తాగి డబ్బులిచ్చి వెళ్లే సైకిలు మనిషి ఒక్కడే అనుమతి కాగితం పట్టుకు తిరగాలా? ఒక గూడెం సరేనని, పక్క గూడెం వద్దంటే రూటు మధ్యలో తెగిపోతుంది. ఇంతకీ ఊరి తరఫున ఎవరు మాట్లాడతారు?

ట్యూబ్‌లెస్

ఎవరు గెలిచినా ఒక విషయం ఫైలులో మొదటి వాక్యంగా ఉండాలి: జూన్ నుంచి అక్టోబరు దాకా పై భాగంలోకి వెళ్లవద్దు. తడిసిన ఎర్రమట్టి టైరుకూ ఫోర్కుకూ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు. అప్పుడు ఎవరైనా చేసేది ఒకటే. బాట వదిలి పక్క చేలో గట్టి నేల వెతుక్కుంటారు. అప్పటికి అక్కడ వలిసె (నూనెగింజల పంట) మొలకలు ఉంటాయి. వెనక వచ్చేవాళ్లు ఆ అడుగుల్లోనే నడుస్తారు, చేలో కొత్త బాట పడుతుంది. బురదలో పడిన చక్రాల గాడి ఎండకు గట్టిపడితే ఎద్దుల కాళ్లు మెలికపడతాయి. టైరు వెడల్పు ఎంతైనా ఈ నష్టం తప్పదు. 45 వాడినా, 50 వాడినా బురద బురదే.

ఏజెన్సీ బడిపంతులు

చక్రధారి గారికి: ఊరి తరఫున ఊరే మాట్లాడుతుంది. పెద్దలు, ఆడవాళ్లు, కుర్రకారు కూర్చునే చోటు ప్రతి గూడెంలో ఉంది. కాగితం అడగడం లేదు. పటం గీసినవాళ్లు ఒకరోజు వచ్చి, 'ఈ దారిన మనుషులు వస్తారు, మీకు అభ్యంతరమా, ఎప్పుడు రాకూడదు, ఎక్కడ దిగి నడవాలి' అని అడిగితే చాలు. తొక్కేవాళ్లందరూ అడగనక్కర్లేదు, గీసేవాళ్లు అడగాలి. ఒక గూడెం వద్దంటే రూటు తెగుతుంది. తెగనివ్వండి. జీపులు అడగలేదు కాబట్టి మేమూ అడగం అంటే, ఆ జీపులతో మాకున్న ఇబ్బందే మీతోనూ వస్తుంది.

కొండకోన

పంతులు గారి మాట నాకు నచ్చింది. ఫైలును రెండుగా కోస్తున్నాను. భీమిలి నుంచి తాటిపూడి దాకా కింది భాగం ఈ వారమే పెడతాను. అందులో దాదాపు అన్నీ పంచాయతీ రోడ్లు, గట్లు. జీడి తోటల లోపలి అడ్డదారులు తీసేశాను. ఎండాకాలంలో అక్కడ జీడిపిక్కలు ఏరే పని ఉంటుంది. పై భాగం ఇప్పుడు పెట్టను. సంక్రాంతి దాటాక ఇద్దరం ముగ్గురం సైకిళ్లు లేకుండా వెళ్లి గూడేల్లో అడుగుతాం. పంతులు గారు వెంట వస్తానంటే సంతోషం. ఒప్పుకున్న చోట కళ్లాలు తప్పించి గీస్తాం, ఒప్పుకోని చోట జాతీయ రహదారి మీదికి మళ్లిస్తాం. మా బృందంలో అందరం పై భాగపు రైడ్లను స్ట్రావాలో 'మీకు మాత్రమే' సెట్టింగుకు మార్చాం.

చక్రధారి

కింది భాగం పెడుతున్నందుకు కృతజ్ఞతలు. పై భాగం విషయంలో నా అభిప్రాయం మారలేదు. మీరు అడిగి వచ్చేలోగా ఇంకెవరో జాగ్రత్తలేవీ రాయకుండా అదే గీతను పెట్టేస్తారని నా భయం. అందుకే తొందరగా వెళ్లండి, సంక్రాంతి దాకా ఎందుకు? ఇప్పుడు చోళ్ల కోతలు నడుస్తున్నాయి, కళ్లాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కంటికి కనిపించేది ఇప్పుడే. వచ్చే ఆదివారం మొదటి బస్సుకు ఎస్.కోట (శృంగవరపుకోట) వస్తాను. పంతులు గారూ, ఏ గూడెం నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.