మతిమరుపు వ్యాధి ఉన్న అత్తగారికి మూత్రం ఆగడం లేదు – ఏం చేయాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక కోడలు):
మా అత్తగారికి 76 ఏళ్ళు. అల్జీమర్స్‌కు డోనెపెజిల్ వాడుతున్నారు. ఈ మధ్య బాత్రూమ్‌కు చేరేలోపే చీర తడిసిపోతోంది. ఒక్కోసారి వంటగది మూలకు వెళ్ళి అక్కడే కూర్చుంటున్నారు. వేరొక వైద్యుడు ఆక్సీబ్యుటినిన్ రాసిన తరువాత తడవడం కొంత తగ్గింది గానీ, అయోమయం బాగా పెరిగింది. సాయంత్రం నుంచి నీళ్ళు ఇవ్వవద్దని బంధువులు అంటున్నారు. ఇది వయసుతో వచ్చేదేనని ఊరుకోవాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 (ఫార్మసిస్టు):
ఊరుకోవద్దండీ. డోనెపెజిల్ శరీరంలో ఎసిటైల్‌కోలిన్ ప్రభావాన్ని పెంచుతుంది. జ్ఞాపకశక్తికి ఉపకరించే ఆ రసాయనమే మూత్రాశయాన్ని కూడా సంకోచింపజేస్తుంది కనుక, కొందరికి ఈ మందు వల్లనే మూత్రం ఆగకపోవచ్చు. ఆక్సీబ్యుటినిన్ సరిగ్గా దానికి ఎదురు పనిచేస్తుంది, మెదడులోకీ చేరుతుంది; అయోమయం పెరగడానికి అదే కారణం కావచ్చు. ఒక మందు దుష్ఫలితానికి ఇంకో మందు వేయడం వృద్ధులలో తరచుగా జరిగే పొరపాటు. మీ అంతట మీరు దేన్నీ మానిపించకండి. రెండు చీటీలనూ ఈ వారంలోనే ఒకే వైద్యుడికి చూపించి, మిరాబెగ్రాన్ అనే మూత్రాశయ మందు వంటి వేరే మార్గం ఉందేమో అడగండి. దానికి బీపీ చూసుకోవాలి.

సమాధానం 2 (వృద్ధుల వార్డులో నర్సు):
మూత్ర పరీక్ష, షుగర్, మలబద్ధకం కూడా చూపించండి. గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది. ఈ సంగతి చాలామంది అడగనే అడగరు. ఒకటి రెండు రోజుల్లోనే పరిస్థితి మారిపోయినా, జ్వరం గానీ మంట గానీ ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. నీళ్ళు మాత్రం మాన్పించకండి: మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది, మలబద్ధకమూ పెరుగుతుంది. పగలు సరిపడా తాగించి, పడుకునే ముందు మాత్రం తగ్గించండి; సాయంత్రం కాఫీ, టీ మానిపిస్తే చాలు.

సమాధానం 3 (తల్లిని ఇంట్లో చూసుకుంటున్న కుమార్తె):
ఆవిడ వంటగదికి వెళ్ళడం మొండితనం కాదు, బాత్రూమ్ ఎక్కడుందో తోచకపోవడం. తలుపు తెరిచి, రాత్రంతా లైటు వేసి ఉంచండి. రెండు గంటలకోసారి, భోజనం అయ్యాక, నిద్ర లేవగానే, “పాస్‌కు వెళ్దాం రండి అత్తయ్యా” అని చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళండి. “వస్తోందా?” అని అడిగితే లేదనే అంటారు. చీర కుచ్చెళ్ళు లాగడం, కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోవడం కనిపిస్తే సమయం చూడకుండా లేపండి. ఇంట్లో నైటీ అయితే ఆమెకూ మీకూ సులువు. డైపర్ రాత్రికి ఉంచినా, తడిసిన వెంటనే మార్చి, గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తగా అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీము పలుచగా రాయండి; తొడల సందుల్లో ఎరుపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి.